ముద్దాయికి డైలాగ్ ఉండదు

పదకొండేళ్ళలో నేను నలభై ఆరు హత్యలు చేశాను. వాటిలో భార్యలు ఎనిమిది మంది, అత్తలు ముగ్గురు, సొంత తమ్ముడు ఒకడు. తక్కినవాళ్ళు పొలం గట్ల మీదా, కల్లు కాంపౌండ్లలోనూ దొరికినవాళ్ళు. కంగారు పడకండి, అన్నీ టీవీలోనే. వారానికొకసారి నేరాల ప్రోగ్రాం వచ్చేది. ఎక్కడో నిజంగా జరిగిన ఘోరాన్ని మాచేత మళ్ళీ చేయించి, వెనక భయపెట్టే మ్యూజిక్ పెట్టి చూపించేవాళ్ళు. అందులో ముద్దాయి వేషం ఎప్పుడూ నాదే. నా పేరు దత్తాత్రి అని యూనిట్‌లో సగం మందికి తెలియదు. "ముద్దాయిని పిలవండ్రా" అంటే నేను వెళ్ళి నిలబడేవాణ్ణి.

మాది బెజ్జంకి. ఇరవై రెండేళ్ళప్పుడు హీరో అవుదామని హైదరాబాదు పోయాను. హీరో సంగతి దేవుడెరుగు, ఒక సినిమాలో పనివాడి వేషం దొరికింది. "అయ్యా, కారొచ్చింది" అనాలి. అంతే. పదిహేడు టేకులు తిన్నాను. కెమెరా తిరుగుతోందంటే చాలు, నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. డైరెక్టరు నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ కలిపి తిట్టి, ఆ కారు రాకుండానే సీను ముగించాడు. ఆ తర్వాత మాటలున్న వేషం నాకెవరూ ఇవ్వలేదు. హంతకుడికి మాటలు అక్కర్లేదు కదా. కళ్ళెర్రజేసి, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వస్తే సరిపోతుంది.

ప్రతి ఎపిసోడ్ చివరా ఒక కోర్టు సీను ఉండేది. నేను బోనులో తల దించుకుని నిలబడాలి. లాయరు వేషం వేసేవాడు చేతులూపుతూ పేజీలకు పేజీలు మాట్లాడేవాడు. వినీ వినీ వాడి మాటలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఒకరోజు వాడు తడబడితే నేను బోనులోంచి అందించాను. డైరెక్టరు మైకులో అరిచాడు.

"ఒరేయ్, ముద్దాయికి డైలాగ్ ఉండదు!"

యూనిట్ అంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు నా కడుపులో అలాగే ఉండిపోయింది. ఆ ఏడాదే లా కాలేజీలో చేరాను. న్యాయం మీద ప్రేమతో కాదు, ఆ భ్రమ మీకుంటే ఇప్పుడే వదిలేయండి. నేను మాట్లాడుతుంటే కట్ చెప్పేవాడు లేని చోటు ఒకటి కావాలనిపించింది, అంతే.

పట్టా చేతికొచ్చేసరికి ముప్పై తొమ్మిదేళ్ళు. సిద్దిపేటలో రాజమల్లయ్య అనే పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా కుదిరాను. కోర్టులో నా నాలుక బ్రహ్మాండంగా ఆడింది. ఆడి ఏం లాభం, కేసులు రాలేదు. వచ్చినవాళ్ళు నా మొహం చూసి, "ఈ సారును యాడనో సూసినం" అని ఆలోచించి, గుర్తు రాగానే రాజమల్లయ్య బల్ల వైపు జరిగిపోయేవాళ్ళు. ఎనిమిది మంది పెళ్ళాలను చంపిన మొహానికి విడాకుల కేసు ఎవరిస్తారు? రెండేళ్ళపాటు సీనియర్ తరఫున వాయిదాలు అడుక్కోవడమే నా ప్రాక్టీసు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కోర్టు గేటు ముందు చాయ్ తాగుతుంటే, ఒక ముసలామె వచ్చి నా నల్లకోటు పట్టుకుంది.

"నా కొడుకును సంపి, కోటేసుకోని చాయ్ తాగుతున్నవారా? నీ చేతులు పడిపోను! నీ వంశం ఆగమైపోను!"

గ్లాసు కింద పడింది. చుట్టూ ఉన్న గుమాస్తాలు, కానిస్టేబుళ్ళు ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వారు. పాతికేళ్ళ అమ్మాయి ఒకతె పరుగెత్తుకొచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది.

"ఏమనుకోకున్రి సార్. మా అవ్వ. మీరు టీవీల ఏసిన్రు గదా, గదే మనసుల పెట్టుకున్నది."

ఆ అమ్మాయి ప్రవీణ. ముసలామె ఆమె తల్లి కొండవ్వ. మద్దూరు దగ్గర పల్లె, నేత కులం. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా నలభై హత్యలు దాటాక చేసిన ఎపిసోడ్ వాళ్ళింటిదే.

అసలు కథ ఇది. కొండవ్వ కొడుకు దినేశ్ బొంబాయి పక్కన భీవండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, విసిగి, ఇంటికొచ్చేశాడు. రోడ్డు పక్కనున్న తమ జాగలో షెడ్డు వేసుకుని సొంతంగా మగ్గం పెట్టుకుందామనుకున్నాడు. ఆ జాగ వెనక సిద్దిపేట వ్యాపారి శైలేందర్ ప్లాట్లు వేశాడు. ప్లాట్లకు దారి దినేశ్ జాగలోంచే పోవాలి. దినేశ్ ఇవ్వనన్నాడు. ఒక మధ్యాహ్నం శైలేందర్ కారులో వచ్చి మాటా మాటా పెంచి, షెడ్డు గుంజల కోసం తెచ్చిన గడ్డపార ఎత్తి తల మీద కొట్టాడు. కొండవ్వ గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. శైలేందర్ మొహం ఆమె చూడడం అదే మొదలు, అదే ఆఖరు. దూరం నుంచి చూసిన మరో ఇద్దరు సాక్షులు ఏడాది తిరగకుండానే మాట మార్చేశారు. నలుగురిలో నిలబెట్టి గుర్తుపట్టించే తతంగం పోలీసులు జరిపించనే లేదు. మిగిలింది కొండవ్వ కళ్ళు.

ఆ షూటింగుకు ఛానెల్ వాళ్ళు కొండవ్వను కూడా హైదరాబాదు తెచ్చారు, చివర్లో ఏడిపించడానికి. నేను గడ్డపార ఒంటి చేత్తో ఎత్తితే ఆమె పక్కనుంచి అంది, "గట్ల కాదు బిడ్డా. రెండు చేతుల్ల పట్టుకున్నడు. గిట్ల, భుజం మీదికెళ్ళి." అని వచ్చి నా చేతులు సరిచేసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ షాట్ ఫస్ట్ టేకులో ఓకే అయింది. నా బతుకులో ఫస్ట్ టేకులో ఓకే అయిన పెద్ద షాట్ అదొక్కటే.

"ఇంకా గది పట్టుకోనే కూసున్నదా మీ అవ్వ?" అని ప్రవీణను అడిగాను.

"రోజుకు రెండుసార్లు సూస్తది సార్, నా ఫోన్ల. మా అన్నది ఒక్కటే ఫోటో ఉండె. గది పోలీసోళ్ళు ఫైల్ల పెట్టుకున్నరు, మల్ల ఇయ్యలే. మీ వీడియోల మొదలు నాలుగు నిమిషాలు అన్న సంచి ఏసుకోని నవ్వుకుంట ఇంటికొస్తడు, 'అవ్వా' అని పిలుస్తడు, అన్నం తింటడు. గది సూసుకోవాలె ఆమె."

"మరి గంతవరకే సూపిచ్చి బంద్ చెయ్యరాదు? కొట్టేది ఎందుకు?"

"బంద్ చెయ్యనియ్యది. 'సచ్చేటప్పుడు వాన్ని ఒక్కన్ని ఇడిశిపెట్టి పోతనా' అంటది. ఆఖరుదాకా సూస్తది. పెత్రమాస నాడు సచ్చినోళ్ళ పేరు మీద బియ్యమిస్తం గదా, గా నాడు విస్తరి ముందట ఫోను నిలవెడ్తది. వీడియో పెట్టి అన్నకు అన్నం పెడ్తది."

మనిషన్నవాడికి ఆ మాటలకు గుండె కరగాలి. నాకు కరగలేదు. నా బుర్ర మాత్రం చకచకా పనిచేసింది. ఎనిమిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆమె కొడుకును చంపుతున్నది నేను. శైలేందర్‌ను ఆమె చూసింది ఒక్క నిమిషం. నన్ను చూసింది కొన్ని వేలసార్లు. ఆమె కళ్ళలో శైలేందర్ ఎప్పుడో చెరిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బైపాస్ రోడ్డు మీద శైలేందర్ ఆఫీసుకు పోయాను. ఎనిమిదేళ్ళలో వాడు ఒళ్ళు చేశాడు, మీసం తీసేశాడు, జుట్టు ఊడింది. ఉన్నదున్నట్టు చెప్పాను. మీ కేసులో మీకు సాక్ష్యం నా మొహమే, మీ పాత వకీలును మాన్పించి నాకు వకాల్తా ఇవ్వండి అన్నాను. వాడు కాసేపు నా మొహం పరకాయించి చూసి, పొట్ట కదిలేలా నవ్వాడు.

"అన్నా, అప్పుడు నా వేషం ఏసినవు. ఇప్పుడు నా దిక్కు మాట్లాడుతవు. మంచిగున్నది గదనే!"

రాజమల్లయ్యకు చెబితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"చట్టంల నిన్ను ఆపేటోడు లేకపోవచ్చు దత్తూ. గని నీ బల్ల నా ఆఫీసుల వద్దు. రేపటి సంది ఇంకోతాన సూసుకో."

అక్కడికీ ఆయన మంచివాడే. గొంతు పెంచలేదు. నేను అద్దెకు ఇంకో గది తీసుకున్నాను.

కొండవ్వ సాక్ష్యం రోజు. ఉతికిన నీలం చీర కట్టుకుని బోనెక్కింది. ప్రభుత్వ వకీలు నెమ్మదిగా అడుగుతుంటే అంతా సరిగ్గానే చెప్పింది. కారు, మాటలు, గడ్డపార, నెత్తురు, కొడుకు తల తన ఒళ్ళో పెట్టుకోవడం. అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు.

"కొట్టినోన్ని సూస్తే గుర్తువడ్తవా అవ్వా?"

"ఎందుకు గుర్తువట్ట సారూ. కాటికి పోయినంక గూడ గుర్తువడ్త."

"ఈ కోర్టుల ఉన్నడా?"

శైలేందర్ కోర్టు హాలు వెనక వైపు కటకటాల దగ్గర, వేరే కేసుల ముద్దాయిలు ముగ్గురితో కలిసి నిలబడి ఉన్నాడు. కొండవ్వ చూపు అటు తిరగబోయింది. సరిగ్గా అప్పుడే నేను అభ్యంతరం చెప్పడానికన్నట్టు లేచాను. చెప్పలేదు. చేతిలో కాగితాలు పొడుగ్గా చుట్టి ఉన్నాయి. వాటిని రెండు చేతులతో పట్టుకున్నాను, భుజం మీదికి. ఆమె నేర్పినట్టే.

కొండవ్వ వేలెత్తి నన్ను చూపింది.

"గీడే! గీడే సారూ నా కొడుకును కొట్టింది! గా నల్లకోటోడు!"

కోర్టులో గుసగుసలు లేచాయి. జడ్జి నా వైపు చూశారు. నేను వినయంగా వంగి, ఆ హత్య మీద టీవీలో ఒక ఎపిసోడ్ వచ్చిందనీ, అందులో ముద్దాయి పాత్ర నాదేననీ, అది ఎవరైనా చూసుకోవచ్చనీ మనవి చేసుకున్నాను. ప్రభుత్వ వకీలు మొహం మాడిపోయింది. వయసు మీద పడింది, కంగారు పడింది, ఇంకొకసారి అడుగుతానని ఏదో అంటున్నాడు. అక్కడితో ఆగినా కేసు నాదే. ఆగితే నేను దత్తాత్రిని ఎందుకవుతాను? ఇరవై ఏళ్ళ ఆకలి. నా వంతు వచ్చింది. కట్ చెప్పేవాడు లేడు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను ఆమెకు రెండు ఫోటోలు చూపించాను. ఒకటి పోలీసు ఫైల్లోది. భీవండిలో పనికి కుదిరినప్పుడు దినేశ్ తీయించుకున్నది. పదిహేడేళ్ళ పిల్లవాడు, గిన్నె కటింగు, బెదురు చూపు, మాసిపోయిన అంచులు. రెండోది ఎపిసోడ్‌లోంచి తీయించిన బొమ్మ. దినేశ్ వేషం వేసిన కుర్రవాడు సంచి భుజాన వేసుకుని నవ్వుతున్నాడు. పెద్దగా, రంగుల్లో వేయించాను.

"అవ్వా, తొందరలేదు. మంచిగ సూసి చెప్పు. గీ ఇద్దర్ల నీ కొడుకు ఎవలు?"

గొంతులో తేనె పోసుకుని అడిగాను. పాడు గొంతు, అంత మెత్తగా ఎప్పుడూ పలకలేదు.

కొండవ్వ పాత ఫోటోను కళ్ళ దగ్గరగా పట్టుకుని చూసింది. పక్కన పెట్టింది. రెండోది తీసుకుంది. ఆమె మొహం విప్పారింది. కొంగుతో ఆ బొమ్మ తుడిచి, గుండెకు ఆనించుకుంది.

"గీడే నా కొడుకు. నా దినేశు. గిట్లనే నవ్వుతడు సారూ."

"అవ్వా, గది కాదు!" వెనక నుంచి ప్రవీణ కేక పెట్టింది. "అన్నది గా పాత ఫోటో! అన్న గది కాదే అవ్వా!"

జడ్జి ఆ అమ్మాయిని బయటికి పంపమన్నారు. కానిస్టేబుల్ చేయి పట్టి తీసుకుపోతుంటే ఆమె ఏడుపు వరండా చివరిదాకా వినిపించింది. కొండవ్వకు ఏమీ అర్థం కాలేదు. బొమ్మను అలాగే పట్టుకుని, తప్పేమైనా చెప్పానా అన్నట్టు అందరినీ చూసింది. ఆఖరికి నన్ను కూడా. గుమాస్తా వచ్చి ఆమె చేతిలోంచి బొమ్మ లాగి ఫైల్లో పెట్టాడు. "ఒక్కపారి, ఒక్కపారి సారూ" అంటూ ఆమె చేయి చాచింది. నేను ఇంక అడగాల్సినవి లేవని చెప్పి కూర్చున్నాను.

కన్న కొడుకునే గుర్తుపట్టని సాక్షి చంపినవాణ్ణి గుర్తుపట్టిందని ఎవరు నమ్ముతారు? శైలేందర్ బయటపడ్డాడు. కోర్టు ముందు పటాసులు కాల్చారు. నా మెడలో గజమాల వేశారు, ఫోటోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఆ వారం నుంచే నా గది ముందు జనం. భార్యలను చంపిన మొహమే ఇప్పుడు పనికొచ్చే మొహమైంది. శైలేందర్ తన వెంచర్ల కేసులన్నీ నాకే అప్పగించాడు.

నెల తర్వాత వాడే అన్నాడు, "అన్నా, కోర్టు నిర్దోషి అన్నది. గా యూట్యూబ్‌ల నేనింకా మర్డర్ చేస్తనే ఉన్న. గది తీపియ్యాలె. ఎవల దగ్గర ఉన్నా తీపియ్యాలె." నేనే ఛానెల్‌కు నోటీసు రాశాను. నా హత్యను నేనే పరువునష్టం అని రాశాను. చక్కటి భాష, ఒక్క కొట్టివేత లేదు. వాళ్ళు వారం తిరక్కుండా వీడియో తీసేశారు. కోర్టు పని కోసం నా ఫోన్లోకి ఎక్కించుకున్న కాపీ ఒకటి ఉంది. దాన్ని మాత్రం చెరపలేదు. ఎందుకని మిమ్మల్ని మీరు ఊరడించుకునే జవాబు వెతక్కండి. ఫస్ట్ టేకులో ఓకే అయిన షాట్ అది, నాకు ముద్దు.

ఆ ఏడు పెత్రమాస పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీస్తుంటే మెట్ల మీద కొండవ్వ కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. ఒళ్ళో స్టీలు టిఫిను, చేతిలో ప్రవీణ ఫోను. మళ్ళీ కోటు పట్టుకుంటుందేమోనని వెనక్కి జరిగాను. ఆమె లేచి రెండు చేతులూ జోడించింది.

"నిన్ను ఊకెనే తిట్టిన బిడ్డా. ప్రవీణ మంచిగ అర్థం చేసి చెప్పింది. నువ్వు ఒట్టిగ వేషం ఏసినవట. సంపింది నువ్వు కాదట. ముసలి పానం, తెల్వక అన్న. మనసుల పెట్టుకోకు."

ఆమె ఫోను చాపింది. తెర మీద నల్ల గడి, వీడియో అందుబాటులో లేదన్న ముక్క.

"గిండ్ల నా కొడుకు కనవడ్తలేడు. శాన రోజుల సంది పెడ్తున్నం, వస్తలేదు. ఇయ్యాల పెత్రమాసనాయె. నువ్వు గా పని చేసినోనివి గదా, నీ తాన ఉంటదేమో అని వచ్చిన."

నా చేయి దానంతటది చొక్కా జేబులోని ఫోను మీదికి పోయింది. రెండు నిమిషాల పని. ఆమె ఫోన్లోకి పంపిస్తే అయిపోయేది. కానీ రేపు ప్రవీణ దాన్ని మళ్ళీ పైకెక్కిస్తే? శైలేందర్ కనుక్కుంటే? వెంచర్ల కేసులు, గది ముందు జనం, గజమాల. ఆమె నా మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది.

"లేకుంటే పాయె. మల్ల ఒక్కపారి చెయ్యరాదు బిడ్డా? గా పిలగాన్ని తోలుకరా. వాడు సంచేసుకోని నవ్వుకుంట ఇంట్లకొచ్చేది ఉంటది సూడు, గది చెయ్యిపియ్యి. నువ్వు కొట్టేది గూడ కొట్టు, నేనేమన. గడ్డపార ఎట్ల పట్టాల్నో నేను సూపెడ్త. గని ముందుగాల వాడు రావాలె."

సిగ్గేసింది. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇవి ఉత్త మాటలు కావు. అయినా నోరు తెరిచాను.

"లేదవ్వా. నా తాన ఏం లేదు. గా పిలగాడు గూడ యాడున్నడో నాకు తెల్వది."

గొంతు వణకలేదు. నాలుక తడబడలేదు. ఒక్క టేకులో చెప్పాను.

కొండవ్వ నమ్మింది. తల ఊపి, కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి, టిఫిను నా చేతిలో పెట్టింది.

"వానికని వండిన. మల్ల ఇంటికి కొంటవోవద్దు. నీ వయసే ఉంటుండె వానికి గూడ. నువ్వు తిను."

మూత తీస్తే అన్నం, పప్పు, రెండు గారెలు. ఆమె మెట్టు మీద కూర్చుని చూస్తుండగా, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.